‘వద్దు’ గడిలో టిక్కు

పోయిన వారం మనం కాలిపోయిన రేకుల షెడ్డు ముందు ఆగిపోయాం. మందు కొట్టే పంపు బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టి తమ్ముడు భోజనానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి వైరు అంటుకుని, వైరు నుంచి డీజిల్ డబ్బాకు, డబ్బా నుంచి చిన్న ట్రాక్టరుకు మంట పాకింది. ఆరేళ్ళుగా ఆ ఇంటికి అన్నం పెట్టిన బండి గంటలో బొగ్గయింది. దానికి బీమా చేయించింది బయటివాళ్ళెవరో కాదు, సొంత అక్క. చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో ఆవిడను పాలసీ అక్క అనే పిలుస్తారు. ఆవిడకన్నా ఇరవయ్యేళ్ళు పెద్దవాళ్ళకు కూడా ఆవిడ అక్కే. సర్వేయరు వచ్చి చూసి, ఇక రిపేరుకు పనికిరాదని రాసుకుని పోయాడు. పాలసీలో ఉన్నది ఆరేళ్ళ కిందటి ధర అన్న సంగతి అప్పుడు బయటపడింది. విలువ పెంచుకోమని మాకెవరూ చెప్పలేదంటూ తమ్ముడి భార్య కంపెనీకి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం అందిన మూడో రోజున బ్రాంచి మేనేజరు పాలసీ అక్కను రమ్మన్నాడు.

*

బ్రాంచి ఆఫీసు ఒక మందుల షాపు పైన ఉంటుంది. మెట్లు ఇరుకు. ఎదురుగా ఎవరైనా దిగుతుంటే పక్కకి ఒత్తిగిలి నిలబడాలి. పదిహేనేళ్ళుగా ఆ మెట్లు ఎక్కి దిగుతున్న పాలసీ అక్కకు ఏ మెట్టు అరిగిందో చీకట్లో కూడా తెలుసు. ఆ సోమవారం పొద్దున మాత్రం మధ్యలో రెండుసార్లు ఆగింది.

మేనేజరు మంచివాడే. గొంతు పెంచి ఎరగడు. ఎదుటివాళ్ళకు కష్టం కలిగించే మాట చెప్పాల్సి వస్తే మాత్రం మొహం చూడడు, గోడమీద క్యాలెండరుకి చెబుతాడు. ఆవిడను కూర్చోమని, మంచినీళ్ళు తెప్పించి, ఫైలు తెరిచి ఒక కాగితం ఆవిడ వైపు తిప్పాడు.

ఆ కాగితం ఏమిటో చదవకుండానే ఆవిడకు తెలిసిపోయింది.

రెండేళ్ళ కిందట చిన్న ట్రాక్టర్ల ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. తోటల్లో వరసల మధ్య దూరే ఆ చిన్న బండి అంటే అంతకుముందు చౌక సరుకు. పొగ తగ్గించాలని ఇంజిన్ మార్చారన్నారు, ఇనుము పెరిగిందన్నారు, తోటలేసేవాళ్ళు ఎక్కువైపోయి బళ్ళు అందడంలేదన్నారు. కారణం ఏదైతేనేం, నాలుగు లక్షల బండి ఆరయింది, ఆరు కాస్తా ఏడున్నర దగ్గర నిలబడింది. పాత ధరకు పాలసీ చేయించిన బళ్ళు కాలినా, పడినా కొత్త బండి ధరలో సగం కూడా రాదని కంపెనీకి భయం పట్టుకుంది. రేపొద్దున జనం వచ్చి మీద పడతారు. అందుకని ప్రతి బండి యజమానికీ ఒక కాగితం పంపింది. ఈ రోజు ధర ఇది, మీ పాలసీలో విలువ ఇది, పెంచుకుంటారా, వద్దా? రెండు గడులు. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టి కింద సంతకం చెయ్యాలి. ఆ కాగితాలు తిప్పి, సంతకాలు పెట్టించుకు రావడం ఏజెంట్ల పని.

తమ్ముడి కాగితంలో టిక్కు ‘వద్దు’ అన్న గడిలో ఉంది. కింద తమ్ముడి సంతకం ఉంది.

ఆ టిక్కు పెట్టింది ఆవిడే. ఆ సంతకం పెట్టిందీ ఆవిడే.

మేనేజరు క్యాలెండరుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. మీ మరదలుగారేమో ఎవరూ చెప్పలేదని రాశారు, ఇక్కడేమో మీ తమ్ముడు స్వయంగా వద్దని సంతకం పెట్టారు. పైవాళ్ళు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆయన వచ్చి ఈ సంతకం నాదే అని ఒక్క మాట రాసిస్తే గొడవ ఇక్కడితో సరి. పాలసీలో ఉన్న నాలుగు లక్షల లోపు ఎంతో కొంత ఈ నెలలోనే చేతికొస్తుంది. నాది కాదన్నారో, ఫైలు విచారణకు పైకి పోతుంది. రెండేళ్ళో మూడేళ్ళో ఆయన చెప్పలేడు. అప్పటిదాకా పైసా కదలదు. ఏజెంటు లైసెన్సు మాత్రం అదే రోజున ఆగిపోతుంది. ఆ ఏజెంటు తెచ్చిన మిగతా కాగితాలన్నీ కూడా తిరగదోడతారు.

‘ఆ ఏజెంటు’ అన్నాడు తప్ప ‘మీరు’ అనలేదు. అదీ మర్యాదే.

“బుధవారం ఆయన్ని తీసుకురండమ్మా” అన్నాడు చివరికి. “సంతకం సరిచూడాలి. నా ఎదురుగా ఒక నాలుగుసార్లు పెట్టాలి.”

ఆవిడ తలాడించింది. మంచినీళ్ళ గ్లాసు అలాగే వదిలేసి లేచింది. మెట్లు దిగి రోడ్డు మీదకొచ్చాక గానీ చేతిలో సంచీ లేదని తెలియలేదు. మళ్ళీ ఎక్కి, కుర్చీ పక్కన పెట్టిన సంచీ తీసుకుంది. మేనేజరు తలెత్తలేదు.

*

తమ్ముడు ఆ రోజు ఒక నిమ్మతోటలో కూలికి వెళ్ళాడు. చెట్ల చుట్టూ పారతో పాదులు చేసే పని. ఆరేళ్ళపాటు అదే తోటలో బండి మీద కూర్చుని వరసల మధ్య దున్నిన మనిషి. తోట యజమాని జాలిపడి పిలిచాడో, మనుషులు దొరక్క పిలిచాడో తెలియదు. పాలసీ అక్క గట్టు మీద నుంచి చూసేసరికి నడుం వంచి మట్టి లాగుతున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. నాలుగు వరసల అవతల ఎవరిదో కొత్త చిన్న ట్రాక్టరు తిరుగుతోంది. చెట్లకు అడ్డంపడి బండి కనిపించడం లేదు, చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

అక్కను చూసి పార దించాడు. మొహం తుడుచుకుంటూ, ఆ చప్పుడు వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

“మూడో గేరులో పోతున్నాడు. ఈ నేలకి రెండులో వెళ్ళాలి. రోటావేటరు పళ్ళు నాలుగు రోజుల్లో అరిగిపోతాయి.”

అతనే చెప్పుకుపోయాడు. నిన్న షోరూంకి వెళ్ళొచ్చాడట. పాతది వచ్చిన చోటే కొత్తదాని ధర కనుక్కుందామని. షోరూం యజమాని కూర్చోబెట్టి టీ ఇప్పించి, మీ బండి ఇప్పుడు రావడంలేదు, దాని బదులు ఇది అని ఎర్ర బండి ఒకటి చూపించాడట. సీటు మీద కూర్చోమన్నాడట. కూర్చున్నాడు. స్టీరింగు పట్టుకున్నాడు. ధర చెప్పాక దిగిపోయాడు. ఈ నెల తీసుకుంటే ఇది, వచ్చే నెల కంపెనీవాడు మళ్ళీ పెంచుతాడని వెనకనుంచి చెబుతూనే ఉన్నాడట.

“మన నాలుగూ వస్తే, మిగతాది బ్యాంకులో ఏదో ఒకటి తంటాలు పడొచ్చు” అన్నాడు. “నాలుగూ వస్తాయిగా అక్కా?”

ఆఫీసు నుంచి బయల్దేరినప్పుడు ఎలా చెప్పాలో నాలుగు రకాలుగా అనుకుంది ఆవిడ. బస్సులో కూర్చుని ఐదో రకం అనుకుంది. నీళ్ళ మోటారు గది దగ్గర నీడుంది, అక్కడికి రా అంది. ఇద్దరూ వెళ్ళి సిమెంటు దిమ్మ మీద కూర్చున్నారు. మోటారు ఆగి ఉంది. పైపు నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు పడుతున్నాయి.

ఆవిడ కాగితం సంగతి చెప్పింది. ధరలు పెరిగినప్పుడు కంపెనీ పంపిన సంగతి, రెండు గడుల సంగతి, ఆఖరు తేదీ సంగతి. అప్పుడు నువ్వు ఊళ్ళో లేవు, కోతల పనికి పోయావు అంది. అక్కడ ఆగింది. తమ్ముడు ఇంకా ఏదో వస్తుందని ఎదురు చూస్తున్నాడు.

“వద్దని నేనే టిక్కు పెట్టాను. నీ సంతకం కూడా నేనే పెట్టేశాను.”

అతను ఆవిడ వైపు చూసి, తర్వాత తన అరచేతుల వైపు చూసుకున్నాడు. రెండింట్లోనూ కొత్త బొబ్బలు. ఒకటి చిట్లింది.

“ఫోను చేస్తే పోయేదిగా” అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే ఆవిడకు తేలికయ్యేది. అప్పుడు అసలు సంగతి చెప్పక తప్పలేదు. మొదటి ఏడాది ప్రీమియం కట్టేటప్పుడు అతని దగ్గర చాలకపోతే తన కమీషన్లోంచి సగం ఆవిడ వేసింది. రెండో ఏడూ అంతే. ఆ తర్వాత అది అలవాటైపోయింది. అతను సగం ఇవ్వడం, ఆవిడ సగం వెయ్యడం. అక్క వేస్తోందని అతనికి తెలుసు, ఎంత వేస్తోందో ఎప్పుడూ అడగలేదు. విలువ పెంచితే ప్రీమియం పెరుగుతుంది, ఆవిడ వెయ్యాల్సిన సగమూ పెరుగుతుంది. ఆ ఏడు ఆవిడ పాపకు బడిలో నల్లబల్ల మీద అక్షరాలు కనిపించడం లేదని టీచరు కబురు పంపింది. భర్త పోయాక ఆ పిల్లను ఒంటిచేత్తో లాక్కొస్తున్న మనిషి. కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. నాలుగేళ్ళలో బండికి ఒక గీత కూడా పడలేదు, ఇంకో ఏడాదికి ఏమవుతుందిలే అనుకుంది. వచ్చే ఏడు తప్పకుండా పెంచుదామనుకుంది. వచ్చే ఏడు కూడా పెంచలేదు.

“నీకోసం పెట్టానని చెప్పుకోను. నాకు మిగులుతుందనే పెట్టాను” అంది. “పాప కళ్ళజోడుకి.”

నాలుగు వరసల అవతల బండి వరస చివరికి వెళ్ళి, రోటావేటరు ఎత్తి తిరిగి, మళ్ళీ దింపిన చప్పుడు వచ్చింది. తమ్ముడు ఆ చప్పుడు అయ్యేదాకా ఆగాడు.

“ఇప్పుడు కనిపిస్తోందా దానికి?” అని అడిగాడు.

ఆవిడకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తలాడించింది. అతనూ తలాడించాడు, మంచిదే అన్నట్టు. తర్వాత మేనేజరు చెప్పిన రెండు దారులూ మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు. నాదే అంటే ఏమవుతుంది, కాదంటే ఏమవుతుంది. వేళ్ళు మడుస్తూ విన్నాడు. కాదంటే తనకు మూడేళ్ళు ఏమీ రాదు, అక్కకు ఎప్పటికీ ఏమీ రాదు. అందులో ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు.

“అబద్ధమాడమని నేను అడగటంలేదు” అంది ఆవిడ.

“నువ్వు అడిగేదేముంది. రెండు దారుల్లో ఒకటే బతికుంది.”

జేబులోంచి ఎరువుల దుకాణం రసీదు ఒకటి తీశాడు. వెనక వైపు ఖాళీగా ఉంది. దాన్ని సిమెంటు దిమ్మ మీద చదునుగా పరిచి, ఆవిడ సంచీలోంచి పెన్ను అడిగి తీసుకుని ఆవిడకే ఇచ్చాడు.

“ఎలా పెట్టావో పెట్టు. చూస్తాను.”

ఆవిడ పెట్టింది. రెండేళ్ళ కిందటి చెయ్యి గుర్తుందో లేదో అనుకుంది గానీ, చెయ్యి మర్చిపోలేదు. తమ్ముడు వంగి, చదవడం కొత్తగా నేర్చుకునేవాడిలా ఆ అక్షరాలను ఒక్కొక్కటే చూశాడు. అతను చదివింది ఏడో తరగతి. సంతకమంటే పేరంతా గుండ్రంగా, విడివిడిగా, లైను మీద కూర్చోబెట్టినట్టు రాయడం. ఇక్కడ అక్షరాలు కొంచెం పక్కకి వాలాయి. మొదటి అక్షరం తలకట్టు రెండోదాంతో కలిసిపోయింది. కింద ఒక గీత ఉంది.

“గీత ఎందుకు?”

“నా సంతకం కింద పెడతానుగా. అలవాటులో పడిపోయింది.”

అతను పెన్ను తీసుకున్నాడు. బొబ్బలు తగలకుండా పట్టుకోవడం కుదరక, వేళ్ళు మార్చి మార్చి పట్టుకున్నాడు. మొదటిసారి రాసింది అతని సంతకంలాగే వచ్చింది. రెండోసారీ అంతే. చెయ్యి దాని దారిన అది పోతోంది. వాల్చు, ఇంకొంచెం వాల్చు అంది అక్క. తలకట్టు ఎత్తకు, అలాగే లాగేసెయ్ అంది. చిన్నప్పుడు పలక మీద ఇవే అక్షరాలు ఆవిడే దిద్దించింది. అప్పుడు వాల్చవద్దనీ, నిలువుగా రాయమనీ వేలి కణుపుల మీద పుల్లతో కొట్టేది. ఆ సంగతి ఇద్దరికీ గుర్తొచ్చి ఉండాలి.

రసీదు నిండిపోయింది. ఇంకో రసీదు తీశాడు. అది కూడా సగానికి వచ్చేసరికి, అక్క పెట్టింది ఏదో తమ్ముడు పెట్టింది ఏదో ఆవిడకే తెలియకుండా పోయింది. తన పేరు తాను మర్చిపోయి అక్క దగ్గర మళ్ళీ నేర్చుకున్నాడు, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో.

తోట యజమాని గట్టు మీద కనబడేసరికి లేచాడు. రసీదులు రెండూ ముక్కలు ముక్కలుగా చింపి మోటారు కాలవలో వేశాడు. పారకు అంటిన మట్టి కాలితో దులుపుతూ, “దానికి చెప్పకు” అన్నాడు. దానికి అంటే భార్యకు. “ఉత్తరం రాసింది అదే. నిజం తెలిస్తే ఊరుకోదు. పెట్టిన సంగతి నేనే మర్చిపోయానని చెబుతాను.”

“తిడుతుందిరా నిన్ను.”

“తిట్టనీ. నాలుగూ వస్తే చాలు.”

*

బుధవారం ముగ్గురూ కలిసే వెళ్ళారు. బండి మొగుడూ పెళ్ళాలిద్దరి పేరు మీదా ఉంది కాబట్టి మరదలు కూడా రావాలని మేనేజరు ఫోనులో చెప్పాడు. ఆరేళ్ళ కిందట తమ్ముడు లారీ డ్రైవరుగా దాచిందీ, ఆవిడ పళ్ళ గోదాములో సైజులవారీగా కాయలు ఏరి దాచిందీ కలిపి కొన్న బండి. ఇద్దరి పేరూ ఉండాలని పట్టుబట్టింది అతనే.

మరదలు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. రెండు రోజులుగా భర్తతో మాట్లాడటం లేదు. సంతకం పెట్టి మర్చిపోయానని అతను చెప్పగానే ఒక్క మాటైనా అనకుండా లోపలికి వెళ్ళిపోయిందట. మర్చిపోయే మనిషి కాడు అతను. ఏ తోటలో ఎన్ని వరసలో, ఏ వరసలో ఎన్నో చెట్టు దగ్గర రాయి ఉందో పదేళ్ళ తర్వాత అడిగినా చెబుతాడు. ఆ సంగతి ఆవిడకు తెలుసని అతనికీ తెలుసు. ఆడబిడ్డను మాత్రం బాగానే పలకరించింది. పాప ఎలా చదువుతోందని అడిగింది. బాగానే చదువుతోందని చెప్పి పాలసీ అక్క కిటికీలోంచి బయటికి చూసింది.

మేనేజరు ముందు తమ్ముడినీ, పాలసీ అక్కనూ లోపలికి పిలిచాడు. మరదలు బయట బెంచీ మీద కూర్చుంది. గదిలో గుమాస్తా ఒకతను సాక్షికని నిలబడ్డాడు. తమ్ముడి ముందు తెల్ల కాగితం పెట్టారు.

నాలుగుసార్లు పెట్టాడు. అక్షరాలు వాలాయి. తలకట్టు కలిసింది. నాలుగింటి కిందా గీత పడింది. మేనేజరు పాత కాగితం పక్కన పెట్టి, కళ్ళజోడు పైకి నెట్టుకుని, ఇటూ అటూ చూశాడు. గుమాస్తా కూడా వంగి చూసి సరిపోయిందన్నాడు. తమ్ముడి చెవుల వెనకనుంచి చెమట కారుతోంది. బరువైన పని చేసినప్పుడు కూడా అక్క అతనికి అంత చెమట పట్టగా చూడలేదు.

ఈ సంతకం నాదే, విలువ పెంచవద్దని నేనే కోరాను అని మేనేజరు చెబుతుంటే తమ్ముడు రాసిచ్చాడు. దాని కింద ఐదో సంతకం పెట్టాడు.

అప్పుడు మేనేజరు క్యాలెండరు వైపు తిరిగాడు.

“ఇప్పుడు లెక్క సంగతి చెప్పాలి” అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. బండి కొత్తగా కొనాలంటే ఏడున్నర. పాలసీ ఉన్నది నాలుగుకి, అంటే సగానికి కొంచెం పైన. ఉండాల్సిన విలువలో ఎంత వంతుకు పాలసీ చేయించారో, నష్టంలో కూడా అంతే వంతు ఇవ్వాలని కంపెనీ నిబంధన. కాలిన బండి వయసు తీసేస్తే కాలేనాటికి దాని విలువ ఐదని సర్వేయరు కట్టాడు. ఆ ఐదులో సగానికి కొంచెం పైన. రెండు లక్షల అరవై ఆరు వేలు.

పాలసీ అక్క కుర్చీలో ముందుకి జరిగింది. ఇన్నేళ్ళలో ఆవిడ చేతి మీదుగా వెళ్ళినవన్నీ చిన్న చిన్న రిపేర్లు. పూర్తిగా పోయిన బండికి కూడా ఆ కోత ఉంటుందని ఆవిడ ఎరగదు. పూర్తిగా పోతే పాలసీలో ఉన్నంతా ఇచ్చేస్తారనే అందరికీ చెబుతూ వచ్చింది. తమ్ముడికీ అదే చెప్పింది.

“మొన్న నాలుగు లోపు అన్నారు కదండీ.”

“లోపే కదమ్మా ఇది.” ఆయన గొంతులో వెటకారం లేదు. “విలువ పెంచుకోవాలని తెలియక ఊరుకున్నవాళ్ళయితే, పాపం తెలియదు, కోత మాఫీ చెయ్యండని పైకి రాసేవాణ్ణి. ఒకరిద్దరికి చేశారు కూడా. తెలిసి వద్దని సంతకం పెట్టినవాళ్ళకు రాయడానికి వీల్లేదు. ఇప్పుడే ఈయన రాసిచ్చారు కదా.”

గుమాస్తా ఆ కాగితం అప్పటికే ఫైల్లో గుచ్చాడు.

తమ్ముడు అక్క వైపు చూడలేదు. చూడకపోవడానికి కష్టపడుతున్నాడని మెడ నరాలు చూస్తే తెలుస్తోంది. రెండు అరవై ఆరుకి షోరూంలో ఆ ఎర్ర బండి ముందు చక్రాలు కూడా రావు. సెకండ్ హ్యాండు బళ్ళు కూడా కొత్తవాటితోపాటే ఎగబాకాయి. వెతికితే పదిహేనేళ్ళ కిందటిది ఏదో వస్తుంది, దాన్ని తిప్పడానికి రిపేరు షెడ్డు వాణ్ణి ఇంట్లో పెట్టుకోవాలి. రేపు నిమ్మతోట, ఎల్లుండి జామతోట, చేతిలో పార. ఇక ఇంతే. అతను రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నవాడిలా కూర్చున్నాడు.

“రెండో యజమాని సంతకం కూడా కావాలి” అన్నాడు మేనేజరు. “ఫిర్యాదు ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నట్టు, ఈ మొత్తానికి ఒప్పుకుంటున్నట్టు. ఆవిణ్ణి పిలవండి.”

మరదలు వచ్చి నిలబడే చదివింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ముందు మొత్తం చూసింది. పెదవులు కొంచెం కదిలాయి, అంతే. తర్వాత రెండేళ్ళ కిందటి కాగితం చూపించమంది. మేనేజరు ఇచ్చాడు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, సంతకం చూసింది, సంతకం కింద గీత చూసింది. ఇప్పుడు తెల్ల కాగితం మీద పెట్టిన నాలుగూ చూసింది. ఆరేళ్ళుగా తోటల వాళ్ళకు రాసిచ్చే ప్రతి రసీదు మీదా భర్త సంతకం చూస్తున్న మనిషి.

గుమాస్తా పెన్ను అందించాడు. ఆవిడ తీసుకోలేదు.

“ఈ కాగితం నీ చేతికి ఎవరిచ్చారు?” అని భర్తను అడిగింది.

“అక్క.”

“ఎక్కడ?”

అతను నోరు తెరిచాడు. తోటలో అనవచ్చు, ఇంట్లో అనవచ్చు, బస్టాండులో అనవచ్చు. ఏదన్నా సరిపోయేది. అక్క పక్కన కూర్చుని అక్షరాలు వాల్చడం నేర్చుకున్నాడు గానీ, ఇది ఎవరూ నేర్పలేదు.

“ఎక్కడ కూర్చుని పెట్టావు? నువ్వే కదా పెట్టింది. చెప్పు.”

పాలసీ అక్క కుర్చీ చేతిని పట్టుకుంది. చెప్పరా, ఏదో ఒకటి చెప్పు అని లోపల అనుకుంటోంది. అతను చిన్నప్పుడు లెక్క రానప్పుడు ఎటు తిరిగేవాడో అటే తిరిగాడు. మెల్లగా తల తిప్పి, జవాబు కోసం అక్క మొహంలోకి చూశాడు.

మేనేజరు అప్పుడు క్యాలెండరు వైపు తిరిగి లేడు. ఆ చూపు చూశాడు. చేత్తో గుమాస్తాను ఆగమని, తమ్ముడు నాదేనని రాసిచ్చిన కాగితం ఫైల్లోంచి బయటికి తీయమన్నాడు.